మొద్దును చంపిన మధ్యాహ్నం

ఆ శనివారం బడికి సెలవు. పొద్దున్నే పక్కింటి పెరట్లోంచి కుక్క ఏడుపు మొదలైంది.

పక్కింటి మెకానిక్ తన కుక్కను కొడుతున్నాడు. రాత్రి అతని షెడ్డులో కొత్త బ్యాటరీ ఒకటి పోయింది. కుక్క మొరగలేదు. అదీ దాని నేరం. పాత ఫ్యాన్ బెల్టును మడత పెట్టి, ఒక చేత్తో గొలుసు బిగించి పట్టుకుని, ఇంకో చేత్తో బాదుతున్నాడు. దెబ్బ పడ్డప్పుడల్లా కుక్క గాల్లోకి ఎగిరి, గొలుసు లాగడంతో మళ్ళీ నేల మీద పడుతోంది.

వంటింటి కిటికీ దగ్గర ఇద్దరు పిల్లలు నిలబడి చూస్తున్నారు. పెద్దది ఆరో తరగతి. తల్లి పోయినప్పటి నుంచి ఇంటి పెత్తనమంతా తనదే అన్నట్టు ఉంటుందని తండ్రి దానికి దొరసాని అని పేరు పెట్టాడు. చిన్నవాడికి ఐదేళ్ళు, గుండ్రంగా ఉంటాడు కాబట్టి బుడంకాయ. పగలంతా నిద్రపోయే ఆ పెద్ద గోధుమరంగు కుక్కకు మొద్దు అని పేరు పెట్టింది బుడంకాయే. రోజూ తన అన్నంలో సగం గోడ విరిగిన చోటునుంచి దానికే పెట్టేవాడు.

"మొద్దుని చంపేస్తున్నాడు," అన్నాడు బుడంకాయ. 

పిన్ని చేతిలో పని వదిలేసి పెరట్లోకి వెళ్ళింది. తండ్రి ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి తెచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఆసుపత్రి లాండ్రీలో పని. తడిసి బరువెక్కిన దుప్పట్లు ఎత్తి ఎత్తి ఆవిడ చేతులు మగవాళ్ళ చేతుల్లా గట్టిపడ్డాయి. మాట మాత్రం మెత్తన.

"ఏమండీ, ఇక చాలించండి. పిల్లలు చూస్తున్నారు."

"కిటికీ మూసుకోండి," అన్నాడు మెకానిక్, ఇటు తిరక్కుండానే.

"నోరులేని జీవం అండీ."

"నా కుక్క, నా ఇష్టం. మీ ఆయన బస్సు ఎలా తోలాలో నేనొచ్చి చెప్తున్నానా?"

పిన్ని లోపలికొచ్చి కిటికీ మూసింది. మూసినా చప్పుడు వినిపిస్తూనే ఉంది. బుడంకాయ చెవులు మూసుకున్నాడు. దొరసాని పిన్నిని ఎగాదిగా చూసి, "అంతేనా?" అంది. ఆ పిల్ల ఇంతవరకు ఆవిణ్ణి పిన్నీ అని పిలవలేదు. అవసరం వస్తే 'మీరు' అనేది, లేకపోతే అసలు పిలిచేదే కాదు.

తండ్రి డ్యూటీకి వెళ్ళాడు. సాయంత్రానికి గానీ రాడు. ఈ మోత చెవిన పడకుండా పిల్లల్ని దేనిలోనైనా పెట్టాలి. పిన్ని చుట్టూ చూసింది. బుట్టలో బంగాళాదుంపలున్నాయి. మధ్యాహ్నానికని తెచ్చిన కోడిమాంసం ఉంది.

"రండి, మనం వేళ్ళు చేసుకుందాం," అంది.

బుడంకాయ తన వేళ్ళు చూసుకున్నాడు.

"ఆ వేళ్ళు కాదురా. తినే వేళ్ళు. చేత్తో పట్టుకుని కటుక్కున కొరికేవి."

దుంపలూ మాంసమూ ఉడికేదాకా పక్కింటి చప్పుడు అప్పుడప్పుడు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. మెకానిక్ వీధివైపున్న షెడ్డులోకి వెళ్ళిపోయినట్టున్నాడు. అక్కడినుంచి ఇనుము మీద ఇనుము కొడుతున్న మోత మొదలైంది. ఉడికిన దుంపల తొక్క తియ్యడం బుడంకాయ పని. కాలుతున్నాయని ఊదుకుంటూ, ఒక్కో దుంపకూ ఒక్కో తిట్టు తిడుతూ తీశాడు. దొరసాని మాంసాన్ని సన్నగా చీల్చింది. మొదట మూతి ముడుచుకునే కూర్చుంది గానీ, ముద్ద కలిపి వేళ్ళలా చుట్టడం మొదలయ్యేసరికి పెత్తనం దానంతటదే వచ్చేసింది.

"అన్నీ ఒకే సైజు ఉండాలి. నా చూపుడువేలంత. ఒరేయ్, నువ్వు చేస్తున్నదేంటి?"

"బొటనవేలు."

"మరి అది?"

"తాతయ్య వేలు. అందుకే వంకరగా ఉంది."

పిన్ని నవ్వాపుకుంటూ మూడు పళ్ళేలు వరసగా పెట్టింది. ఒకదాన్లో మైదా, ఒకదాన్లో గిలక్కొట్టిన గుడ్డు, ఒకదాన్లో బ్రెడ్ పొడి. "ఒక చెయ్యి తడికి, ఒక చెయ్యి పొడికి. రెండూ కలిపారంటే వేళ్ళకి కాదు, మీకే పడుతుంది పిండి," అంది.

దొరసాని అలాగే చేసి చూసింది. నిజంగానే చేతికి అంటుకోలేదు. "ఇది మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదు. ఓసారి నా చేతులు రెండూ రొట్టెలయ్యాయి. అప్పుడు తెలిసింది."

ఆ పిల్ల ముక్కులోంచి ఒక చిన్న నవ్వు వచ్చింది. వెంటనే దాచుకుంది గానీ పిన్ని చూసింది. ఆ ఒక్క నవ్వుకే ఆవిడ ప్రాణం లేచి వచ్చినట్టయింది.

మూకుట్లో నూనె కాగింది. మొదటి వాయి వేశాక బుడంకాయ మాంసం చీల్చగా మిగిలిన చర్మం, ఎముకలున్న గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"మొద్దుకి ఇచ్చేస్తా. పాపం, దానికి పొద్దున్నుంచి ఏం పెట్టలేదు."

పిన్ని ఒక్క క్షణం ఆలోచించింది. దెబ్బలు తిన్న కుక్క. కానీ గొలుసు ఉంది, మధ్యలో గోడ ఉంది. వాడి మొహం చూస్తే వద్దనబుద్ధి కాలేదు.

"దూరంనుంచి పడేసి వచ్చెయ్యి. చెయ్యి పెట్టకు."

వాడు దూరంనుంచే పడేశాడు. కుక్క తింటూ ఉంటే దాని నెత్తి మీద వాచిన చోటు కనిపించింది. జాలేసి, గోడ విరిగిన చోట వంగి, రోజూలాగే తల నిమరబోయాడు. తల మీదికి వస్తున్న చెయ్యి చూసి కుక్క గుర్రుమని నోరు తెరిచింది. వాడు కెవ్వున అరిచి పరుగెత్తాడు. పొద్దున ఆ పెనుగులాటలో గొలుసు కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. ఆ సంగతి యజమాని కూడా చూసుకోలేదు. పరుగెత్తుతున్న వాణ్ణి చూసి కుక్క గోడ దూకింది.

పిన్ని వెనక్కి తిరిగేసరికి బుడంకాయ గుమ్మంలో బోర్లా పడి ఉన్నాడు, వాడి భుజం కుక్క నోట్లో ఉంది. వాణ్ణి గుడ్డపీలికలా అటూ ఇటూ ఊపుతోంది. వాడి నోట్లోంచి అరుపు కూడా రావడం లేదు.

ఆవిడ చేతిలో ఉన్న జల్లి గరిటెతో దాని మొహం మీద కొట్టింది. గరిటె వంగిపోయింది. కుక్క వదల్లేదు. కాలితో పక్కటెముకల్లో తన్నింది. వదల్లేదు. అప్పుడు తన ఎడం చెయ్యి దాని దవడల మధ్యకు తోసింది. మోచేతి కింద కండలో పళ్ళు దిగడం, ఎముకకు తగలడం ఆవిడకు స్పష్టంగా తెలిసింది. కుక్క పిల్లవాణ్ణి వదిలి ఆవిణ్ణి పట్టుకుంది.

"తమ్ముణ్ణి లాగు!" అని అరిచింది.

దొరసాని వాణ్ణి కాళ్ళు పట్టి లాగి, బల్ల కిందికి తోసి, వాడి మీద పడుకుంది. కుక్క బరువుకు పిన్ని వెల్లకిలా పడింది. బల్ల అంచు తగిలి మూడు పళ్ళేలూ కిందపడ్డాయి. గుడ్డుసొనలో, నెత్తుట్లో కాళ్ళు జారుతున్నాయి. కుక్క గొంతు కోసం పైకి ఎగబాకుతోంది. దాని వేడి ఊపిరి ఆవిడ గడ్డం కింద తగిలింది. కుడి చెయ్యి గోడ తడిమింది. కొక్కేనికి వేలాడుతున్న ఇనప పెనం అందింది.

మొదటి దెబ్బ దాని వీపు మీద పడింది. రెండోది చెవి వెనక. కుక్క పట్టు సడలి, కాళ్ళు దూరంగా జరిగి, పక్కకు ఒరిగింది. ఆవిడ మోకాళ్ళ మీద లేచి మళ్ళీ కొట్టింది. మళ్ళీ కొట్టింది. కుక్క తోక నేల మీద ఒకసారి కదిలి ఆగిపోయింది. ఆవిడ ఆగలేదు. మొహం మీద జుట్టు పడి, నోరు తెరుచుకుని, ప్రతి దెబ్బకూ ఒక మూలుగు మూలుగుతూ కొడుతూనే ఉంది. పెనం మోత మారిపోయింది. గట్టిదాని మీద పడుతున్న మోత కాదది ఇప్పుడు.

"చచ్చిపోయింది! చాలు! చచ్చిపోయింది!" బల్ల కిందనుంచి దొరసాని అరుస్తోంది. అక్క చంక కిందనుంచి బుడంకాయ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

అప్పుడు ఆగింది. మూకుట్లో వేళ్ళు నల్లగా మాడి, వంటిల్లంతా పొగ కమ్ముకుంటోంది. పిన్ని పెనం పక్కన పడేసి, పాక్కుంటూ వెళ్ళి పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. వాడి భుజం మీద చర్మం చిరిగి వేలాడుతోంది. చెంప కూడా చీలింది. తన పైబట్ట గుండ్రంగా చుట్టి గాయం మీద అదిమింది. వాడు ఆవిడ చేతిలో కట్టెలా బిగుసుకుపోయాడు.

"మంచినీళ్ళు, తువ్వాలు. వీధిలోకెళ్ళి ఎవరినైనా పిలువు," అంది దొరసానితో.

ఆ పిల్ల లేచేలోపే పెరటి గుమ్మంలో మెకానిక్ నిలబడ్డాడు. అరుపులు విని గోడ దూకి వచ్చాడు. చేతిలో జాకీ రాడ్డు ఉంది. అతని చూపు ముందు కుక్క మీదే పడింది.

"మొద్దూ," అన్నాడు. పిల్లలు పెట్టిన పేరుతో అతను దాన్ని పిలవడం అంతవరకు ఎవరూ వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని దాని తల ఎత్తబోయాడు. ఎత్తడానికి తలంటూ ఏమీ మిగల్లేదు. చేతులకంటిన నెత్తురు చూసుకుని లేచాడు.

"ఏం చేశావే దాన్ని?"

"పిల్లాణ్ణి కరిచింది. చూడండి, ముందు బండి తియ్యండి, ఆసుపత్రికి..."

మాట పూర్తి కాలేదు. అతని బూటు ఆవిడ పక్కలో దిగింది. ఆవిడ పిల్లవాడి మీదికి వంగి వాణ్ణి తన ఒంటితో కప్పేసింది. రెండో తన్ను నడుం మీద పడింది. "అంత కొడతావా? కుక్కని అంత కొడతావా?" అంటూ రాడ్డు ఎత్తి కొట్టాడు. ఆవిడ కుడి భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినబడింది.

"వదులు మా పిన్నిని!"

మెకానిక్ తల తిప్పాడు. పొయ్యి పక్కన దొరసాని నిలబడి ఉంది. తువ్వాలుతో మూకుడు చెవులు పట్టి ఎత్తింది. లోపల నూనె పొగలు కక్కుతోంది. ఆ పిల్ల చేతులు వణుకుతుంటే నూనె అంచు దాటి ఒక ధార దాని పాదం మీదే పడింది. ఆ పిల్ల కదల్లేదు.

"పోస్తా," అంది. "మొహం మీద పోస్తా."

అతను అడుగు వెనక్కి వేశాడు. వెనక గోడే ఉంది. "పాపా... వద్దమ్మా," అన్నాడు. కోపమంతా దిగిపోయి గొంతు కీచుగా వచ్చింది. రాడ్డు ఉన్న చెయ్యి కిందికి వాలింది.

పిన్ని నేలమీదనుంచే ఆ పిల్ల మొహం చూసింది. అందులో భయం లేదు. కొద్ది నిమిషాల క్రితం తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"దించు, తల్లీ."

"పోస్తా."

"నా వైపు చూడు. అతన్ని చూడకు. నన్ను చూడు. పొయ్యి మీద పెట్టు. మెల్లిగా. ఆ... ఇప్పుడు పొయ్యి ఆపు."

దొరసాని పిన్ని కళ్ళల్లోకి చూస్తూ మూకుడు పొయ్యి మీద పెట్టింది. పొయ్యి ఆపింది.

మూకుడు దించాక మెకానిక్ ముందుకొచ్చి ఆ పిల్ల చెంప మీద బలంగా కొట్టాడు. ఆ దెబ్బకు ఆ పిల్ల వెళ్ళి అలమర అంచుకు తగిలి, కింద పడింది. నోటినిండా రక్తం. పిన్నికి కుడి చెయ్యి లేవలేదు, ఎడం చెయ్యి పనికిరాదు. మెడ చాచి అతని పిక్క పళ్ళతో పట్టి కొరికింది. అతను గావుకేక పెట్టి ఆవిడ తల మీద గుద్దుతున్నా వదల్లేదు. పై అంతస్తులో ఉండే టైలరు, ఆయన పనివాడు, ఎదురింటి తాత వచ్చి అతన్ని వెనక్కి లాగేవరకూ వదల్లేదు.

వాళ్ళు అతన్ని పెరట్లో కింద పడేసి మీద కూర్చున్నారు. అతను తప్పించుకోవాలని చూడలేదు. నేలకు మొహం ఆనించి కుక్క కోసం ఏడ్చాడు.

ఆసుపత్రిలో బుడంకాయ భుజానికి, చెంపకు కుట్లు పడ్డాయి. దొరసానికి ముందరి పన్ను ఒకటి పోయింది, పాదం మీద బొబ్బలు లేచాయి. పిన్ని ఎడం చేతికి కట్టు, కుడి భుజానికి మెడలోంచి వేలాడే పట్టీ. కుక్కకాటు సూదులు బుడంకాయకూ పిన్నికీ వేశారు. తండ్రి బస్సును డిపోలో పెట్టి, ఖాకీ బట్టలతోనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముగ్గుర్నీ చూశాడు. మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. పోలీస్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్న మెకానిక్ మీద పడి గొంతు పట్టుకున్నాడట. కానిస్టేబుళ్ళు విడదీసేసరికి ఇద్దరి మొహాలూ గుర్తుపట్టేలా లేవట. ఆ రాత్రి వాళ్ళిద్దరికీ కట్లు కట్టింది కూడా అదే ఆసుపత్రి.

మెకానిక్ మీద కేసు పెట్టారు. బెయిలు మీద వచ్చి, సామాను ఎత్తుకుని ఎక్కడికో వెళ్ళిపోయాడు. షెడ్డుకు తాళం పడింది. కేసు నడుస్తూనే ఉంది.

ఇంట్లో అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. పిన్ని గదిలోకి వస్తే బుడంకాయ తండ్రి వెనక దాక్కుంటున్నాడు. ఆవిడ కట్టున్న ఎడం చెయ్యి ఎత్తితే చాలు, జుట్టు సర్దుకోవడానికి ఎత్తినా సరే, వాడు రెండు చేతులతో తల కప్పుకుంటున్నాడు. ఆవిడ కుక్కను చంపి తనను కాపాడిందని తండ్రి ఎన్నిసార్లు చెప్పినా, "మొద్దు ఏడ్చింది. అయినా కొట్టింది," అంటున్నాడు. పిన్ని వాడి పక్కకు వెళ్ళడం మానేసింది. ఎడం చేత్తోనే గరిటెతో వాడికి అన్నం వడ్డించి పళ్ళెం బల్ల మీద పెట్టి తప్పుకునేది.

ఒకరోజు బడినుంచి కబురొచ్చింది. దొరసాని తన క్లాసు అబ్బాయిని స్టీలు నీళ్ళ సీసాతో ముక్కు మీద కొట్టింది. తండ్రి డ్యూటీలో ఉన్నాడు, పట్టీ కట్టుకున్న చేత్తోనే పిన్ని వెళ్ళింది. ఆ అబ్బాయి దూదితో ముక్కు మూసుకుని ఏడుస్తున్నాడు. వాడు పళ్ళూడిన ముసలమ్మా అని ఏడిపించాడట. అంతవరకు సరే. పడిపోయాక కూడా వాడి మీద కూర్చుని కొట్టిందని టీచరమ్మ చెప్పింది. పిన్ని ఆ అబ్బాయికి, వాడి తల్లికి క్షమాపణ చెప్పి, పిల్లను తీసుకుని బయటపడింది.

 దొరసాని చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తోంది.

"ఆ రోజు మూకుడు దించమన్నారు," అంది చివరికి. "దించాను. అప్పుడు వాడు నన్ను కొట్టాడు."

"ఊఁ."

"పోసుంటే కొట్టేవాడు కాదు."

"కొట్టేవాడు కాదు. నిజమే."

ఆవిడ ఒప్పుకుంటుందని ఆ పిల్ల అనుకోలేదు. నడక ఆపింది. "మరెందుకు దించమన్నారు?"

పిన్ని దారి పక్కన అరుగు మీద కూర్చుంది. భుజం నొప్పికి మొహం పాలిపోయింది.

"అప్పటికే అతను భయపడ్డాడు. రాడ్డు దించాడు. అయినా నువ్వు పోసేదానివి. నాకు కనబడింది."

"పోసేదాన్నే."

"నేనూ అంతే చేశాను. అది పడిపోయాక కూడా కొట్టాను. చచ్చిందని తెలియక కాదు. నువ్వు అరుస్తూనే ఉన్నావు, వినిపించింది." ఆవిడ పట్టీ సర్దుకుంది. "అప్పుడు నాకు భయం పోయింది. బాగుంది. ఎంత బాగుందంటే, ఆపాలనిపించలేదు. ఈ మాట మీ నాన్నకి కూడా చెప్పలేదు."

దొరసాని వచ్చి పక్కన కూర్చుంది.

"నాకూ," అంది. "ఇవాళ. వాడి ముక్కు చప్పుడైనప్పుడు."

"తెలుసు."

"ఇప్పుడు బాగాలేదు."

"బాగుండదు. పెనం చప్పుడు నాకింకా వినబడుతూనే ఉంది. కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే లాండ్రీ మెషిన్ల మోతలో కూడా వినబడుతుంది. నూనె పోసుంటే నీకు అతని అరుపు అలాగే వినబడేది. నీకు అది వద్దనుకున్నాను, అంతే. దెబ్బ తింటావని అనుకోలేదు. అనుకుని ఉంటే..." ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అనుకుని ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు, తల్లీ."

ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆ రోజునుంచి ఒక్కసారి కూడా ఏడవని పిల్ల వీధిలో అందరూ చూస్తుండగా ముక్కు కారేలా ఏడ్చింది. పిన్ని చెయ్యి వెయ్యబోయింది గానీ, ఆ పిల్ల వైపున్నది పట్టీలో ఉన్న చెయ్యి. ఆ పిల్లే వంగి ఆవిడ ఒడిలో తల పెట్టుకుంది. రేపు ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళి తనే మాట్లాడతానంది. తోడు రావద్దంది. కాసేపాగి, గుమ్మందాకా రమ్మంది.

ఇంటికొచ్చేసరికి తండ్రి డ్యూటీ దిగి, బుడంకాయకు స్నానం చేయించి బట్టలు వేస్తున్నాడు. పిన్నిని చూడగానే వాడు తండ్రి కాలి వెనక్కి చేరాడు.

"ఇటు రారా," అంది దొరసాని. "పిన్ని ఏం చెయ్యదు."

"చేస్తుంది."

"నన్నేం చెయ్యలేదుగా. చూడు."

వాడు అక్క మొహం చూశాడు. దాని కళ్ళు ఎందుకు వాచాయో వాడికి అర్థం కాలేదు. తండ్రి ప్యాంటు వదలకుండానే ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగిపోయాడు. పిన్ని వాడి దగ్గరికి వెళ్ళలేదు, పిలవలేదు. ఉన్నచోటే నేల మీద మెల్లగా కూర్చుని, వాడికి కనిపించేలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.